గోవాలో 200/400 పోకర్ ఆడి రెండు లక్షలు పోగొట్టుకున్న వీకెండ్ – హ్యాండ్స్ పెడుతున్నా, చూసి చెప్పండి

మియాపూర్_మిడ్‌పెయిర్ · సోమవారం రాత్రి 10:42

అందరికీ నమస్తే. ఇక్కడ నేను చదవడమే ఎక్కువ, రాయడం తక్కువ. గోవా వెళ్ళినప్పుడల్లా 50/100 (ప్రతి ఆటలో ఇద్దరు ముందే కట్టే బ్లైండ్స్) హోల్డెమ్ క్యాష్ గేమే ఆడతాను, ఎప్పటికప్పుడు ఫోన్‌లో లెక్క రాసుకుంటాను, ఇప్పటిదాకా ఆ లెక్కలో కొంచెం ప్లస్‌లోనే ఉన్నాను. మొన్న శుక్రవారం పంజిం చేరి మాండవి మీద క్యాసినో బోటెక్కేసరికి 50/100 టేబుల్‌కి వెయిటింగ్ లిస్ట్ చాంతాడంత ఉంది, పక్కనే 200/400లో ఒక సీటు ఖాళీ, కాసేపు వెనకాల నిలబడి చూస్తే ఇద్దరు వ్యాపారస్తులు పడిన ప్రతి ముక్కా ఆడేస్తున్నారు, సరే మంచి గేమే కదా అని కూర్చున్నా. ఆ టేబుల్లో అందరూ ఒప్పుకుని 800 స్ట్రాడిల్ (బ్లైండ్స్ తర్వాతి మనిషి కార్డులు చూడకుండా కట్టే మూడో బ్లైండ్) కంపల్సరీ పెట్టుకున్నారు.

హ్యాండ్ 1. శుక్రవారం రాత్రి, నా దగ్గర 40 వేలు. ఇద్దరు 800 లింప్ (రెయిజ్ చేయకుండా కాల్), నేను బటన్‌లో (అందరికంటే చివర ఆడే సీటు) ఇస్పేట్ ఏస్-క్వీన్‌తో 4,500 చేశా. లింపర్లలో పెద్దాయన ఒక్కడే కాల్, పాట్ (మధ్యలో చేరిన డబ్బు) 11 వేల పైన. ఫ్లాప్ (మధ్యలో తెరిచే మొదటి మూడు ముక్కలు) ఆఠీన్ క్వీన్, ఆఠీన్ 8, ఇస్పేట్ 3. ఆయన చెక్, నేను 6,000, కాల్. టర్న్ (నాలుగో ముక్క) కళావర్ 5. చెక్, నేను 14,000, కాల్. రివర్ (ఐదోది, చివరిది) కళావర్ కింగ్, అప్పటిదాకా చెక్ చేస్తూ వచ్చిన మనిషి ఉన్నట్టుండి నన్ను ఆల్-ఇన్ పెట్టాడు. నా దగ్గర మిగిలింది 15,500, పాట్‌లో అప్పటికే 51 వేలు. కాల్ చేశా. కింగ్-క్వీన్ తిప్పాడు. మళ్ళీ 40 తీసుకుని దాన్ని సమానంగానే నిలబెట్టి పడుకున్నా.

హ్యాండ్ 2. శనివారం, ఈసారి 80 వేలతో. కటాఫ్‌లో (బటన్‌కి ముందు సీటు) 9 జత, 2,500 ఓపెన్, బటన్ 8,000 త్రీబెట్ (నా రెయిజ్ మీద మళ్ళీ రెయిజ్), కాల్. ఫ్లాప్ జాక్, 9, 4. చెక్, అతను 9,000, నేను 26,000, అతను ఆల్-ఇన్, కాల్. అతని దగ్గర జాక్ జత. 80 వేలు అక్కడే అయిపోయాయి.

హ్యాండ్ 3. అసలు అడగాలనుకున్నది ఇదే. ఇంకో 80 తీసుకున్నా, రాత్రికి 1,10,000 అయింది. నేను బిగ్ బ్లైండ్‌లో కళావర్ జాక్-టెన్. బటన్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న కుర్రాడు, చూడగానే రెగ్ (రోజూ ఆడే గట్టి ఆటగాడు) అని తెలిసిపోతుంది, నాకంటే పెద్ద స్టాక్ (ముందున్న చిప్స్). అతను 2,400, నేను కాల్, స్ట్రాడిల్ ఫోల్డ్. పాట్ 5,800. ఫ్లాప్ ఇస్పేట్ టెన్, ఇస్పేట్ 7, డైమండ్ 2. చెక్, 2,500, కాల్. టర్న్ ఆఠీన్ జాక్, నాకు టాప్ టూ పెయిర్. చెక్, అతను 9,000, నేను కాల్. పాట్ 28,800. రివర్ ఇస్పేట్ 9. నేను చెక్. అతను చిప్స్ రెండు స్టాకులు చేత్తో ముందుకి నెట్టాడు, 56,000. నాలుగు నిమిషాలు కూర్చున్నా, పక్కనాయన నాకు టైమ్ లిమిట్ పెట్టమన్నాడు, ఫోల్డ్ చేశా. అతను నవ్వుతూ ఇస్పేట్ ఏస్, డైమండ్ క్వీన్ చూపించాడు. ఏమీ లేదు చేతిలో.

ఆదివారం మధ్యాహ్నానికి అదీ అయిపోయింది. మొత్తం రెండు లక్షలు. 1, 2 దురదృష్టం అనుకోవచ్చా, 3లో కాల్ చేయాల్సిందా, మీ అభిప్రాయం చెప్పండి.

---

బెజవాడ_బటన్ · సోమవారం రాత్రి 11:05

అన్నా 2 గురించి ఎవరూ టైమ్ వేస్ట్ చేయొద్దు, ఆ స్టాకుల్లో సెట్ (చేతిలో జత, బోర్డ్ మీద మూడోది) మీద సెట్ పడితే ప్రపంచంలో ఎవడి డబ్బులైనా లోపలికి వెళ్ళిపోతాయి. జతతో ఫ్లాప్‌లో సెట్ తగిలేదే దాదాపు ఎనిమిదిన్నర సార్లకి ఒకసారి, తగిలాక ఫోల్డ్ చేయడానికి ఆడతామా.

1లో టర్న్ దాకా నువ్వు చేసిందంతా కరెక్ట్. డబ్బు లోపలికి వెళ్ళినప్పుడు ఆయన చేతిలో కింగ్-క్వీన్ ఉంటే ఇంకా రావాల్సిన 44 కార్డుల్లో ఆయనకి పనికొచ్చేవి 3 కింగ్సే, 7 శాతం కూడా లేదు. రివర్ కాల్ గిట్టుబాటు కావాలంటే నీకు గెలిచే అవకాశం 19 శాతం ఉంటే చాలు. మిస్సయిన ఆఠీన్ డ్రాలు (ఐదు ఆఠీన్ల కోసం చూసి రానివి) ఉన్నాయి కాబట్టి నేనైనా కాల్ చేసేవాణ్ణే.

---

ఓరుగల్లు_ఆల్‌ఇన్ · సోమవారం రాత్రి 11:31

బెజవాడ తమ్మీ, నీ లెక్క కరెక్టే గని గా టేబుల్ల నువ్వు కూసున్నవా? నేను గోవాల శానా ఏండ్ల సంది ఆడుతున్న, గసుంటి పెద్దమనుషులు రెండుసార్లు సప్పుడు జేయకుంట కాల్ కొట్టి రివర్ల కింగ్ రాంగనే ముందుగాల వాళ్ళే నెట్టిర్రంటే అది బ్లఫ్ గాదు. డ్రా మిస్సయితే వాళ్ళు మళ్ళ చెక్ కొట్టి ఊకుంటరు, బ్లఫ్ కొట్టాల్నన్న ఆలోచనే రాదు వాళ్ళకు. 19 శాతం అంటే అయిదుసార్లల్ల ఒక్కసారి, గా ఒక్కసారి గూడ ఉండదు. నేనైతే ఫోల్డ్. గని ఇది 15 వేల ముచ్చట, దీని మీద కొట్లాడుడు వద్దు.

---

లెక్కల_పీఠం · మంగళవారం ఉదయం 7:18

మిడ్‌పెయిర్ గారూ, హ్యాండ్స్ జోలికి తర్వాత వస్తాను, ముందు ఆ టేబుల్ సంగతి. మీరు 50/100 నుంచి 200/400కి వెళ్ళారు, నాలుగింతలు అనుకున్నారు. కానీ మీ మామూలు గేమ్‌లో ఒక రౌండ్ తిరిగేసరికి కట్టేది 150. ఇక్కడ 200, 400, 800 కలిపి 1,400. అంటే తొమ్మిదింతల పైమాటే. గంటకి మూడు రౌండ్లు తిరిగాయనుకుంటే ఒక్క హ్యాండ్ ఆడకుండా ఊరికే కూర్చున్నా గంటకి 4,200 పోతాయి.

అలాగే 40 వేలు అంటే 100 బిగ్ బ్లైండ్స్ అని కూర్చుని ఉంటారు. స్ట్రాడిల్ కంపల్సరీ అయితే అసలు బ్లైండ్ 800 అన్నట్టే, మీ దగ్గర ఉన్నది 50. హ్యాండ్ 1లో ప్రీఫ్లాప్ 4,500 పెట్టాక ఫ్లాప్, టర్న్ రెండు బెట్లతోనే స్టాక్ చాలావరకు అయిపోవడానికి కారణం అదే, ఆడటానికి రివర్‌లో పెద్దగా ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు ఊగిసలాట లెక్క. లైవ్ గేమ్‌లో 100 హ్యాండ్స్‌కి స్టాండర్డ్ డీవియేషన్ సుమారు 80 నుంచి 100 బ్లైండ్స్ ఉంటుందని అందరూ వాడే లెక్క, 90 వేసుకుందాం. వీకెండ్ మొత్తం ఒక 600 హ్యాండ్స్ అనుకుంటే 90ని 6 వర్గమూలంతో గుణించాలి, 220 బ్లైండ్స్. మీ 50/100లో అది 22 వేలు. ఇక్కడ 800 చొప్పున 1,76,000. లాభం నష్టం లేకుండా ఆడేవాడికి కూడా ఎనిమిది వీకెండ్లలో ఒకసారి రెండు లక్షలో అంతకంటే ఎక్కువో పోతుంది. అందుకని ఈ రెండు లక్షలు చూసి మీరు బాగా ఆడారనీ చెప్పలేం, చెత్తగా ఆడారనీ చెప్పలేం. 50/100లో మీ ప్లస్ సంగతీ ఇంతే, కొన్ని వేల హ్యాండ్స్‌తో తేలే విషయం కాదు.

---

మియాపూర్_మిడ్‌పెయిర్ · మంగళవారం ఉదయం 9:02

పీఠం గారూ చాలా థాంక్స్, రౌండ్‌కి 1,400 అనేది నేను ఇలా లెక్క కట్టి చూడలేదు. ఎనిమిదిలో ఒకటి అంటే మామూలు విషయమేగా, మనసుకి కొంచెం తేలికైంది. మరి హ్యాండ్ 3?

---

వైజాగ్_ఫోల్డ్‌ఈక్విటీ · మంగళవారం మధ్యాహ్నం 1:15

నేను చెప్తాను. రివర్ ఫోల్డ్ మీద తప్పేం లేదు. 28,800 పాట్‌లో 56,000 అంటే మీకు దాదాపు 40 శాతం కావాలి. బోర్డ్ టెన్, 7, 2, జాక్, 9, అందులో మూడు ఇస్పేట్లు. చేతిలో 8 ఉన్న ప్రతివాడికీ స్ట్రెయిట్ (వరసగా ఐదు), కింగ్-క్వీన్‌కి స్ట్రెయిట్, ఇస్పేట్లున్న వాళ్ళకి ఫ్లష్, మీ టూ పెయిర్ అక్కడ బ్లఫ్‌ని పట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. ఆ కుర్రాడు మంచి ముక్క ఎంచుకున్నాడు, ఇస్పేట్ ఏస్ తన దగ్గరుంటే మీ దగ్గర నట్ ఫ్లష్ (అన్నిటికన్నా పెద్ద ఫ్లష్) ఉండదు, క్వీన్ ఉంది కాబట్టి కింగ్-క్వీన్ ఉండే అవకాశమూ తగ్గింది. అతని బ్లఫ్ మూడింట రెండుసార్లు పనిచేస్తే చాలు. కార్డులు చూపించాడు కాబట్టి మీకు బాధగా ఉంది గానీ చూపించకుండా మక్ చేసుంటే ఈ పోస్ట్‌లో ఈ హ్యాండే ఉండేది కాదు.

నా ప్రశ్న టర్న్ గురించి. ఇస్పేట్ డ్రాలు, స్ట్రెయిట్ డ్రాలు నిండిన బోర్డ్ మీద టాప్ టూ పెయిర్ వచ్చింది, అతను పాట్‌కి దగ్గరగా బెట్ వేశాడు. మీ 50/100లో అక్కడ ఏం చేస్తారు?

---

మియాపూర్_మిడ్‌పెయిర్ · మంగళవారం మధ్యాహ్నం 1:40

రెయిజ్. ఆలోచించను కూడా.

---

వైజాగ్_ఫోల్డ్‌ఈక్విటీ · మంగళవారం మధ్యాహ్నం 1:52

మరి ఇక్కడ ఎందుకు చేయలేదు?

---

మియాపూర్_మిడ్‌పెయిర్ · మంగళవారం మధ్యాహ్నం 2:20

నిజం చెప్పాలంటే చేతిలోకి చిప్స్ తీసుకున్నాను అక్కా. రెయిజ్ చేయాలంటే 27, 28 వేలు పెట్టాలి, మా ఇంటి అద్దె అంతే. ఆ క్షణంలో అద్దె గుర్తొచ్చింది, తొమ్మిది వేల చిప్స్ విడదీసి పెట్టేశా.

---

వైజాగ్_ఫోల్డ్‌ఈక్విటీ · మంగళవారం మధ్యాహ్నం 2:45

అదే నేను వినాలనుకున్నది. పెద్ద స్టేక్ అంటే అందరూ ఎదురుగా కూర్చున్నవాడు గట్టోడేమో అని భయపడతారు, నేను చూసినంతలో అక్కడ మనం ఓడేది ఎక్కువగా మనం చేయకుండా వదిలేసిన రెయిజ్‌ల దగ్గర. కూలర్ (తప్పించుకోలేని ఓటమి) అయితే ఇలా వచ్చి రాస్తాం, టర్న్‌లో కాల్‌తో సరిపెట్టింది ఎవరూ రాయరు, అది నష్టంలా కనిపించదు. ఆ కుర్రాడు మీ అద్దె గురించి తెలియకుండానే దాని మీద బెట్ వేశాడు. మీరు రెయిజ్ చేసుంటే ఏస్-క్వీన్ అక్కడే ఫోల్డ్, 9,000 కూడా మీవే.

---

పదమూడు_ముక్కలు · మంగళవారం సాయంత్రం 6:30

బాబూ నేను పోకర్ కంటే రమ్మీ మనిషిని, వయసులో మీ అందరికన్నా పెద్దవాణ్ణి. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్ మీద పెట్టిన కేసులో సుప్రీం కోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని చెప్పిన రోజుల నుంచి ఈ మాటలు వింటూ పెరిగినవాణ్ణి. ఒక సంగతి అడుగుతాను, ఏమనుకోకు. నువ్వు రాసిన లెక్క కలిపి చూశాను. శుక్రవారం 40. శనివారం 80. తర్వాత తీసుకున్న 80 పెరిగి 1,10,000 అయింది, మూడో ఆటలో నువ్వు పెట్టింది 2,400, 2,500, 9,000, అంటే 13,900. ఆ ఆట అయ్యాక నీ ముందు ఇంకా 96 వేలు ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నానికి అవి లేవు. ఆ 96 వేలు ఎట్లా పోయాయో నువ్వు ఒక్క ముక్క కూడా రాయలేదు.

---

ఓరుగల్లు_ఆల్‌ఇన్ · మంగళవారం సాయంత్రం 6:48

బాబాయ్ మస్తు పట్టుకున్నవ్. సగం పైసలు గాడనే ఉన్నయి. మేమందరం హ్యాండ్లు జూసుకుంట కూసున్నం.

---

మియాపూర్_మిడ్‌పెయిర్ · మంగళవారం రాత్రి 9:55

బాబాయ్ గారూ, సాయంత్రం నుంచీ ఆలోచించాను, రాయడానికి నిజంగానే పెద్ద హ్యాండ్ ఏదీ లేదు. అతను బ్లఫ్ చూపించాక లేచి రూమ్‌కి వెళ్ళిపోదామనుకున్నా, కానీ ఆ కుర్రాడు ఇంకా అక్కడే ఉన్నాడు, నేనూ ఉండిపోయాను. తెల్లవారేసరికి వ్యాపారస్తులిద్దరూ వెళ్ళిపోయారు, టేబుల్ ఆరుగురికి పడిపోయింది, ఉన్నవాళ్ళంతా రెగ్‌లే. నేను 8-7 సూటెడ్, కింగ్-టెన్, చిన్న జతలు, ఏది వచ్చినా 800కో 2,400కో కాల్ చేసి ఫ్లాప్ చూడటం, తగలకపోతే వదిలేయడం. ఒకసారి ఆ కుర్రాడి మీద త్రీబెట్ బ్లఫ్ కొట్టి 8 వేలు, ఒకసారి సెకండ్ పెయిర్‌తో అతని రివర్ బెట్ కాల్ చేసి 17 వేలు, ఆ రెండే కొంచెం పెద్దవి. మిగతావన్నీ అలా కరిగిపోయాయి. సాయంత్రం ఫ్లైట్ ఉంది కదా అప్పటిదాకా ఆడదాం అనుకున్నాను, పోయిన చోటే వెతుక్కోవాలి అనిపించింది.

---

లెక్కల_పీఠం · మంగళవారం రాత్రి 10:20

ఆరుగురే అంటే రౌండ్ ఇంకా త్వరగా తిరుగుతుంది, గంటకి 1,400 చొప్పున ఐదు రౌండ్లు, 7,000. ఆరు గంటల్లో బ్లైండ్స్ స్ట్రాడిల్స్ ఒక్కటే 40 వేలు దాటతాయి. దానికి తోడు ప్రతి పాట్‌లో హౌస్ రేక్ (క్యాసినో తీసుకునే వాటా). నేను పొద్దున చెప్పిన ఎనిమిదిలో ఒకటి లెక్క దీనికి వర్తించదు, అది మీరు మీ మామూలు ఆట ఆడతారనుకుని వేసింది. గేమ్ బాగుందని కూర్చున్నారు, ఆ బాగున్న ఇద్దరూ తెల్లవారకముందే లేచి వెళ్ళారు. మీరు కూర్చోడానికి ఉన్న కారణం వాళ్ళతోనే వెళ్ళిపోయింది.

---

బెజవాడ_బటన్ · మంగళవారం రాత్రి 10:41

17 వేల సెకండ్ పెయిర్ కాల్ ఉంది చూడు అన్నా, అది ఆ హ్యాండ్‌లో చేసిన కాల్ కాదు, రాత్రి ఫోల్డ్ చేసిన 56 వేల బెట్‌కి తెల్లారాక ఇచ్చిన కాల్. నాకు ఇది బాగా తెలుసు. బ్లఫ్ చూపించేవాడు ఊరికే చూపించడు, ఆ రాత్రంతా మనం కాల్ చేస్తామని చూపిస్తాడు.

---

రాజమండ్రి_రివర్ · బుధవారం ఉదయం 8:10

కొత్తగా చేరాను, చిన్న డౌట్. ఇంత దూరం వెళ్ళి ఇంత పెట్టే బదులు ఆన్‌లైన్‌లో చిన్న స్టేక్స్‌లో ప్రాక్టీస్ చేసి వెళ్ళొచ్చు కదా?

---

ఓరుగల్లు_ఆల్‌ఇన్ · బుధవారం ఉదయం 8:34

తమ్మీ, తెలంగాణల 2017ల చట్టం మార్చిండ్రు, స్కిల్ గేమ్ అని చెప్పుకునే దారి బందయింది, ఆంధ్రల 2020ల బంద్ జేసిండ్రు. 2025 ఆగస్టుల కేంద్రం చట్టం దెచ్చినంక దేశం మొత్తం ఆన్‌లైన్ పైసల ఆట లేదు. ఇంట్ల నలుగురు కూసొని పైసలు పెట్టి ఆడినా మన దగ్గర కేసే, ఎవడన్న లింక్ పంపిండని పోకు, ఫామ్‌హౌస్ అన్నడని పోకు. పైసలు లేకుంట చిప్స్‌తోని దోస్తులతోని ఆడు, సాల్వర్ల (ఎట్ల ఆడాల్నో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) చూడు, చదువు.

---

వైజాగ్_ఫోల్డ్‌ఈక్విటీ · బుధవారం ఉదయం 11:00

మిడ్‌పెయిర్, ఇంకొకటి అడగాలి, ఇష్టం లేకపోతే ఇక్కడ చెప్పొద్దు, నాకు మెసేజ్ పెట్టండి. ఆ రెండు లక్షలు ఆట కోసం పక్కన పెట్టినవా, ఇంట్లోవా? అప్పు చేశారా? ఇంట్లో తెలుసా? శనివారం రెండో 80 వేలు ఎక్కడ నుంచి వచ్చాయన్నది నాకు హ్యాండ్ 3 కంటే ముఖ్యం. మా అన్నయ్య కార్డుల్లో పోగొట్టుకుని రెండేళ్ళు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఆ రెండేళ్ళు ఆయన ఒక్క రాత్రి సరిగ్గా పడుకోలేదని తర్వాత తెలిసింది. ఎవరితోనూ చెప్పుకోలేని పరిస్థితి ఉంటే టెలి మానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వానిది, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. ఇది చదువుతున్న వాళ్ళెవరికైనా చెప్తున్నాను.

---

మియాపూర్_మిడ్‌పెయిర్ · బుధవారం రాత్రి 9:15

అక్కా అడిగినందుకు చాలా థాంక్స్. అప్పు చేయలేదు. లక్షా ఇరవై వేలు ఆటకని పక్కన పెట్టినవే. చివరి 80 మాత్రం పాప స్కూల్ ఫీజుకని ఉంచిన అకౌంట్ నుంచి తీశాను. మా ఆవిడకి నిన్న రాత్రి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత ఫీజు కట్టే తేదీ ఎప్పుడని అడిగింది. ఈ నెల జీతంలోంచి, వచ్చే నెల జీతంలోంచి ఆ అకౌంట్ నింపాలని ఇద్దరం అనుకున్నాం, ఏటీఎం కార్డు తన దగ్గరే ఉంటుంది. ఫీజు పూర్తయ్యేదాకా గోవా లేదు.

---

పదమూడు_ముక్కలు · బుధవారం రాత్రి 9:40

చెప్పావు, అది చాలా పెద్ద పని బాబూ. నువ్వు రాసిన సామెత మా క్లబ్బులో రోజూ వినపడేది, పోయిన చోటే వెతుక్కోవాలి అని. ఉంగరం పోతే వెతుక్కో, పేకాటలో పోయిన డబ్బు అక్కడ ఉండదు, గెలిచినవాడు దాన్ని ఎప్పుడో ఇంటికి తీసుకుపోయాడు. ఆ అమ్మాయికి కార్డు ఇచ్చావుగా, అలాగే ఉంచు.

---

మియాపూర్_మిడ్‌పెయిర్ · బుధవారం రాత్రి 10:05

అలాగే బాబాయ్ గారూ. పీఠం గారూ, ఒక్కటి మాత్రం తెలుసుకోవాలని ఉంది, టర్న్‌లో 27 వేలు రెయిజ్ చేసి అతను కాల్ చేసి రివర్‌లో అదే ఇస్పేట్ 9 వస్తే ఏం చేయాలి?

---

లెక్కల_పీఠం · బుధవారం రాత్రి 10:48

ముందు అతను ఏంతో కాల్ చేస్తాడో చూడండి. కాల్‌కి 18,000 పెట్టాలి, పాట్‌లో 46,800 ఉంటాయి, అతనికి 28 శాతం కావాలి. ఏస్-క్వీన్‌కి ఉన్నది 4 కింగ్సే, తొమ్మిది శాతం, ఫోల్డ్. ఇస్పేట్ డ్రా ఉన్నవాడికి తొమ్మిది ఇస్పేట్లు కనిపిస్తాయి గానీ జాక్ ఇస్పేట్ వస్తే మీకు ఫుల్ హౌస్, కాబట్టి ఎనిమిదే, 18 శాతం. వాడు రివర్‌లో ఇంకా గుంజుదామన్న ఆశతో కాల్ చేస్తాడు. కాల్ అయితే పాట్ 64,800, మీ వెనక 78,100. ఇస్పేట్ 9 పడితే చెక్, అతను ఆల్-ఇన్ అంటే మీకు 35 శాతం కావాలి, టర్న్‌లో రెయిజ్‌ని కాల్ చేసినవాడి దగ్గర ఆ బోర్డ్ మీద అన్ని బ్లఫ్‌లు ఉండవు, ఫోల్డ్ చేసి ప్రశాంతంగా ఉండండి. డైమండ్ 4 లాంటి ఖాళీ ముక్క పడితే మీరే ముందు 45 వేలు బెట్ వేయాలి. వేయగలరా లేదా అన్నది 50/100లో అదే సైజు వేసి చూసుకోండి, అక్కడ అది ఐదారు వేలు.